యంత్రం మేల్కొనగానే చదివే కాగితాలు

కంప్యూటరు మీట నొక్కిన క్షణం నుండి తెర మీద పేరు, సంకేతపదం అడిగే క్షణం వరకు గడిచే అర నిమిషాన్ని మనలో ఎవరమూ లెక్కలోకి తీసుకోము. ఆ వ్యవధిలో కొందరు కుర్చీ సవరించుకుంటారు, కొందరు పక్కవారితో మాట కలుపుతారు. తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉంటుంది. అది ఆగితే పని మొదలైనట్లు, ఆగకపోతే ప్రయోగశాల సహాయకుని పిలవవలసినట్లు మనకు తెలుసు. అంతకు మించి తెలుసుకోవలసినది లేదని మనకు ఎవరో నచ్చజెప్పినట్లున్నారు. మేము ఇక్కడ వాదించదలచినది ఆ అర నిమిషాన్ని గురించే. ఆ కొద్దిపాటి కాలంలో యంత్రం కొన్ని కాగితాలను తెరచి చదువుకుంటుంది. ఆ కాగితాలను చదవడం, అవసరమైనచోట దిద్దడం, దిద్దినది బెడిసికొడితే మరల సరిచేయడం కంప్యూటరు శాస్త్రం అభ్యసించే ప్రతి విద్యార్థికీ, విద్యార్థినికీ నేర్పవలసిన విద్య అనీ, అందుకు మన కళాశాల కార్యవర్గం ఒక చిన్న సదుపాయం కల్పించవలెననీ మా మనవి.

ముందుగా ఆ కాగితాలేమిటో చెప్పాలి. యంత్రానికి విద్యుత్తు అందగానే మొట్టమొదట పనిచేసేది మదర్‌బోర్డు మీది చిప్‌లో నిక్షిప్తమై ఉన్న ఒక చిన్న ప్రోగ్రాము. అది మెమరీని, డిస్కును పలకరించి, బూట్ లోడరు అనే మరొక ప్రోగ్రామును లేపుతుంది. బూట్ లోడరు కెర్నెల్‌ను, అనగా నిర్వహణ వ్యవస్థకు గుండెకాయ వంటి భాగాన్ని, డిస్కు నుండి మెమరీలోకి తెస్తుంది. యూనిక్స్ సంప్రదాయానికి చెందిన యంత్రాలలో ఆ కెర్నెల్ తన పరికరాలన్నిటినీ సరిచూసుకొని, చివరకు ఒక ప్రోగ్రామును ప్రారంభిస్తుంది. దాని క్రమసంఖ్య 1. దాని సంప్రదాయ నామం ఇనిట్. మనం వాడుకొనే తక్కిన సేవలన్నీ దాని సంతానమే.

ఇంత గొప్ప స్థానంలో ఉన్న ఇనిట్‌కు తనంతట తానుగా తెలిసినది మిక్కిలి స్వల్పం. ఏ డిస్కును ఏ చోట తగిలించాలి, ఈ యంత్రం పేరేమి, నెట్‌వర్కు చిరునామా ఏది, ప్రింటరు సేవ కావాలా వద్దా, గడియారం ఏ దేశపు కాలాన్ని చూపాలి, సందేశాలు ఏ భాషలో రావాలి, ఇవన్నీ డిస్కు మీద ఒక మూలన కొన్ని ఫైళ్లలో రాసి ఉంటాయి. వాటిని చదివి, అందులో ఉన్నది ఉన్నట్లు జరిపించడమే దాని పని. వీటిని కాన్ఫిగరేషన్ ఫైళ్లు అంటారు. అమరిక ఫైళ్లు అని మేము తెలుగు చేసుకున్నాము. ఉర్దూ విభాగపు మిత్రులు హుకుంనామాలు అన్నా అభ్యంతరం లేదు. నిజానికి ఆ మాటే ఇంకా బాగా అతుకుతుంది.

వీటి చరిత్ర చిన్నది కాదు. 1960ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో సి.టి.ఎస్.ఎస్. అనే వ్యవస్థ నడిచేది. ఆజ్ఞలను ఒక ఫైలులో వరుసగా రాసిపెట్టి, ఒక్క మాటతో అన్నిటినీ నడిపించే పద్ధతిని అందులో రన్‌కామ్ అనేవారు. 1969లో బెల్ ప్రయోగశాలలలో యూనిక్స్ పుట్టినప్పుడు, యంత్రం లేవగానే నడిపించవలసిన ఆజ్ఞల ఫైలుకు ఆ పాత మాట నుండే ఆర్‌సి అనే రెండక్షరాల పేరు వచ్చింది. ఆ ఫైలు ఉండే డైరెక్టరీ పేరు ఇటిసి, అనగా ఇత్యాదులు. మరెక్కడా ఇమడని వస్తువులను పడవేయడానికి ఏర్పడిన అటక వంటి చోటు అది. కాలక్రమాన యంత్రపు అధికారమంతా ఆ అటక మీదికే చేరింది. నేటికీ ఏ లినక్స్ యంత్రంలోనైనా మొట్టమొదట కాపాడుకోవలసిన డైరెక్టరీ ఏదని అడిగితే, సొంత దస్తావేజుల తరువాత అనుభవజ్ఞులు చెప్పేది ఈ ఇత్యాదుల పేరే.

ఒక్క ఫైలును దగ్గరగా చూద్దాం. సిస్టం ఫైవ్ అనే యూనిక్స్ శాఖ నుండి వచ్చి, లినక్స్ యంత్రాలలో చాలాకాలం ఏలిన ఫైలు ఇనిట్‌టాబ్. అందులో ఒక్కొక్క పంక్తికి నాలుగు గడులు. గడికీ గడికీ మధ్య రెండు చుక్కల గుర్తు. వాటిలో ఒక పంక్తి యంత్రం ఏ స్థితిలో మేల్కొనాలో చెప్పేది. ఆ స్థితులకు అంకెలు ఉండేవి. 1 అంటే మరమ్మతుకై ఒక్కరే కూర్చునే స్థితి. అనేక లినక్స్ పంపిణీలలో 3 అంటే నెట్‌వర్కుతో సహా అందరూ వాడుకొనగల స్థితి, 5 అంటే బొమ్మల తెరతో కూడిన స్థితి. 0 అంటే ఆగిపోవడం, 6 అంటే మరల మొదటి నుండి లేవడం. ఇప్పుడు ఎవరైనా ఆ పంక్తిలో 3 తీసివేసి 6 అని రాశారనుకోండి. యంత్రం లేస్తుంది, కాగితం చదువుతుంది, మరల లేవమని ఉన్నది కాబట్టి పడుకొని లేస్తుంది, మరల చదువుతుంది. విద్యుత్తు ఉన్నంతసేపు అదే వ్యాయామం. ఒక్క అంకె తేడా. అక్షరదోషం లేదు, వ్యాకరణ దోషం లేదు, యంత్రం తప్పు అసలే లేదు. రాసినదానికీ రాయదలచినదానికీ మధ్య ఉన్న దూరం ఎంతటిదో ఇంత స్పష్టంగా చూపే పాఠం మాకు మరే పాఠ్యగ్రంథంలోనూ కనిపించలేదు.

ఇనిట్‌టాబ్ నేడు చాలా పంపిణీలలో లేదు. కాని ఎఫ్‌ఎస్‌టాబ్ ఉన్నది. ఏ డిస్కు భాగాన్ని ఏ డైరెక్టరీకి తగిలించాలో చెప్పే పట్టిక ఇది. పంక్తికి ఆరు గడులు: డిస్కు గుర్తింపు, తగిలించే చోటు, దాని ఫైలు వ్యవస్థ రకం, షరతులు, నకలు తీసే పాత ప్రోగ్రాముకు సంబంధించిన ఒక అంకె, తనిఖీ వరుసను తెలిపే మరొక అంకె. ఐదవ గడి వాడుక దాదాపు లేకపోయినా గడి మాత్రం పోలేదు. రెవెన్యూ కచేరీలో పాత ఫారాలు చూసినవారికి ఇందులో వింతేమీ కనబడదు. మొదటి గడిలో ఒక్క అక్షరం తప్పిందా, నేటి యంత్రాలు ఆ డిస్కు కోసం సాధారణంగా 90 సెకన్లు ఎదురుచూసి, ఇక రాదని తేల్చుకొని, అత్యవసర స్థితిలోకి పోతాయి. నల్లని తెర, తెల్లని అక్షరాలు, నిర్వాహకుని సంకేతపదం అడిగే ఒక పంక్తి. తెలియనివారికి అది యంత్రం మరణవార్త. తెలిసినవారికి అది ఐదు నిమిషాల పని: సంకేతపదం ఇచ్చి లోపలికి పోవడం, మూల డిస్కు చదవడానికే తెరచి ఉంటే రాయడానికి కూడా వీలుగా తగిలించడం, ఫైలు తెరచి అక్షరం దిద్దడం, మరల లేపడం. పోతే పోనీ అనదగిన అదనపు డిస్కు అయితే షరతుల గడిలో నోఫెయిల్ అనే ఒక్క మాట ముందే చేర్చి ఉంటే ఆ నల్లని తెర రానే రాదు. మరమ్మతు దుకాణానికి మోసుకొనిపోయిన యంత్రాలలో ఇటువంటి ఒక్క అక్షరపు జబ్బుతో పోయినవి ఎన్ని ఉంటాయో ఊహించుకోవలసినదే.

మన పెద్దలలో డాస్ కాలంలో కంప్యూటరు నేర్చినవారికి ఈ సంగతులు కొత్త కావు. 1983లో వచ్చిన ఎం.ఎస్.డాస్ రెండవ కూర్పు నుండి కాన్ఫిగ్.సిస్ అనే ఫైలు ఉండేది. దానికి తోడు ఆటోఎక్సెక్.బ్యాట్. ప్రోగ్రాములకు దక్కే మెమరీ 640 కిలోబైట్లు మాత్రమే. అందులో కొంత డాస్ తానే ఆక్రమించేది. 1991లో వచ్చిన ఐదవ కూర్పులో హైమెమ్.సిస్ పంక్తి ముందు రాసి, డాస్‌ను పై మెమరీకి పంపే పంక్తి తరువాత రాస్తే ఆ ఇరుకు కొంత సడలేది. హైమెమ్.సిస్ పంక్తే లేకపోతే రెండవ పంక్తి రాసినా ఫలం లేదు. వారు మెమరీ అంటే ఏమిటో నేర్చుకొన్నది ఉపన్యాసాల వల్ల కాదు, ఆ రెండు చిన్న ఫైళ్లతో కుస్తీ పట్టడం వల్ల. తరువాత 1995లో వచ్చిన విండోస్ ఈ చిల్లర ఫైళ్ల పనిని చాలావరకు రిజిస్ట్రీ అనే ఒక పెద్ద ఖజానాకు అప్పగించింది. అందుకు కారణాలు లేకపోలేదు. ప్రతి ప్రోగ్రామూ తన ఫైలును తనకు తోచిన చోట పడవేయడం వల్ల గందరగోళం పెరిగింది. ఒకే యంత్రాన్ని పలువురు వాడుకొనేటప్పుడు ఎవరి అమరిక వారికి వేరుగా ఉండవలసి వచ్చింది. కాని రిజిస్ట్రీని చదవడానికి దానికే ప్రత్యేకించిన పనిముట్టు కావాలి. ఏ రాత పరికరంతోనైనా తెరచి చూడగల కాగితం, తాళం వేసిన పెట్టె అయింది. ఆ పెట్టెలోని విలువలను ముట్టుకొంటే ప్రమాదమన్న హెచ్చరిక ప్రతి సూచన పుస్తకంలోనూ చేరింది. ఒక తరం విద్యార్థులు ఆ హెచ్చరికను మాత్రమే నేర్చుకొన్నారు.

చదవగల కాగితానికీ చదవలేని కాగితానికీ గల తేడా మన ప్రాంతంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. నిజాం ప్రభుత్వ కాలంలో సర్వే జరిపి తయారుచేసిన సేత్వార్ పత్రాలు ఉర్దూలో ఉన్నవి. ఏ సర్వే నంబరు ఎవరిది, విస్తీర్ణమెంత, శిస్తు ఎంత అన్నది అందులో ఉంటుంది. ఉర్దూ తెలిసినవారికి అది తేటతెల్లమైన కాగితం. తెలియని తెలుగు రైతుకు అదే కాగితం తన పొలాన్ని గురించినదే అయినా, చదివి చెప్పేవారి దయమీద ఆధారపడినది. నేడు తెలుగులో వచ్చే దస్తావేజు ముందు ఉర్దూ మాత్రమే చదువుకొన్న కుటుంబం పరిస్థితి కూడా అదే. తప్పు భాషది కాదు, లిపిది కాదు. తన మీద అమలయ్యే కాగితాన్ని తాను చదవలేని స్థితే చిక్కు. రెండు భాషల విద్యార్థులూ ఒకే వరండాలో నడిచే ఈ కళాశాలలో ఈ మాట మరింత సులభంగా అర్థమవుతుందని మా విశ్వాసం.

యూనిక్స్ వైపు మాత్రం ఫైళ్లు చదవగలిగిన రాతలోనే నిలిచాయి. అందుకని అక్కడ కలహం లేదని కాదు. 2010లో లెనార్ట్ పోటెరింగ్, కే సీవర్స్ అనేవారు సిస్టమ్‌డి అనే కొత్త ఇనిట్‌ను ప్రకటించారు. 2011లో ఫెడోరా దానిని స్వీకరించింది. డెబియన్ వారి సాంకేతిక సంఘంలో 2014 ఫిబ్రవరిలో ఓట్లు సరిసమానంగా చీలి, అధ్యక్షుని నిర్ణాయక ఓటుతో అది నెగ్గింది. ఇష్టపడనివారు అదే సంవత్సరం విడిపోయి డెవువాన్ అనే వేరు కాపురం పెట్టారు. యంత్రం ఎలా మేల్కొనాలన్న విషయం మీద విద్యావంతులు సంవత్సరాల తరబడి వాదించుకోవడం బయటివారికి విడ్డూరంగా తోచవచ్చు. మాకు మాత్రం అది ఆరోగ్య లక్షణంగా కనబడుతుంది. ఆ కాగితాలు తమవని భావించినవారే వాటి కోసం తగవు పడతారు.

ఆ తగవులో మా అభిప్రాయం కూడా చెప్పవలసి ఉన్నది. పాత పద్ధతిలో ఒక్కొక్క సేవకు ఒక్కొక్క స్క్రిప్టు ఉండేది. ఎలా మొదలుపెట్టాలి, ఎలా ఆపాలి, మొదలైనదా లేదా ఎలా చూడాలి అన్నదంతా అందులోనే. నిడివి ఎక్కువ, ఒకరి శైలికీ మరొకరి శైలికీ పొంతన తక్కువ. కొత్త పద్ధతిలో పది పన్నెండు పంక్తుల యూనిట్ ఫైలు చాలు. ఏమి కావాలో చెబితే చాలును, ఎలా చేయాలో చెప్పనక్కరలేదు. విద్యార్థి దృష్టితో చూస్తే ఇది మేలే. అయితే చిన్న ఫైలు అంటే సులభమైన ఫైలు అని భ్రమపడరాదు. ఆఫ్టర్ అనే పదం ఉన్నది, రిక్వైర్స్ అనే పదం ఉన్నది. ఆఫ్టర్ వరుసను మాత్రమే చెబుతుంది. అన్నం తరువాత పెరుగు అన్నంత మాత్రాన అన్నం తప్పక వస్తుందని అర్థం కాదు. రెండూ వడ్డిస్తే పెరుగు తరువాత అనే దాని తాత్పర్యం. రిక్వైర్స్ అవసరాన్ని చెబుతుంది కాని వరుసను చెప్పదు. అది ఒక్కటే రాస్తే అన్నమూ పెరుగూ ఒకేసారి విస్తట్లో పడవచ్చు. రెండూ కావాలంటే రెండూ రాయాలి. ఉద్యోగాలలో కుదురుకొన్నవారు కూడా తడబడే చోటు ఇది. సిస్టమ్‌డి తన చిట్టాను మామూలు రాతలో గాక సొంత పద్ధతిలో దాచుకోవడం మాత్రం మాకు రుచించదు. కారణం పైన చెప్పిన సేత్వార్ కారణమే.

ఒక మంచి ఏర్పాటును మాత్రం ఇరుపక్షాలవారూ పాటిస్తారు. ఫ్రీబీఎస్‌డిలో తయారీదారులు ఇచ్చిన విలువలన్నీ డిఫాల్ట్స్ అనే డైరెక్టరీలోని ఆర్‌సి.కాన్ఫ్‌లో ఉంటాయి. దానిని ఎవరూ దిద్దరు. స్థానికంగా మార్చదలచిన నాలుగు పంక్తులు మాత్రం ఇటిసిలోని ఆర్‌సి.కాన్ఫ్‌లో రాస్తారు, స్థానిక పంక్తిదే పైచేయి. సిస్టమ్‌డిలోనూ అంతే: తయారీదారుల ఫైళ్లు ఒక చోట, నిర్వాహకుని ఫైళ్లు ఇటిసిలో. ఈ ఏర్పాటు వల్ల కొత్త యంత్రం ముందు కూర్చున్నవారికి నాలుగు పంక్తులు చూస్తే చాలు, ఈ యంత్రాన్ని నడిపినవారు ఏమి మార్చారో బోధపడుతుంది.

ఇదంతా ముచ్చట కోసం చెప్పుకొనే విద్య కాదు. 2024 జూలై 19 శుక్రవారం నాడు మన కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన వాడుకదారుల విండోస్ యంత్రాలకు ఒక చిన్న ఫైలు పంపింది. అది ప్రోగ్రాము కాదు, అమరిక ఫైలు అని ఆ సంస్థే పేర్కొన్నది. ఆ ఫైలు 21వ విలువను అడిగింది. దానిని చదివే ప్రోగ్రాము అందించినవి 20 మాత్రమే. లేని గడిలోకి చేయి చాచడంతో యంత్రం నీలి తెరతో కుప్పకూలింది. ఆ భద్రతా ప్రోగ్రాము యంత్రం లేచేటప్పుడే లేస్తుంది కాబట్టి, మరల లేపితే మరల అదే ఫైలు, మరల అదే కూలుబాటు. గంటా పద్దెనిమిది నిమిషాలలో సంస్థ ఫైలును వెనక్కు తీసుకొన్నది. అప్పటికే చిక్కుకొన్న యంత్రాలు సుమారు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ అంచనా. శంషాబాద్ విమానాశ్రయంలో ఆనాడు బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇచ్చారు. హైదరాబాదు నుండి కోల్‌కతా వెళ్లే అటువంటి ఒక పాసు ఛాయాచిత్రం దేశమంతటా తిరిగింది.

ఇందులో మనం గమనించవలసిన సంగతులు రెండు. ప్రోగ్రాముల కొత్త కూర్పులను కొంత ఆలస్యంగా తీసుకొనే వీలు వాడుకదారులకు ఉండేది. ఈ తరహా ఫైళ్లకు అప్పట్లో ఆ వీలు ఉండేది కాదు. ఒకేసారి అందరికీ పోయాయి. ప్రోగ్రాము కాదు కదా, అమరికే కదా అన్న చులకన అది. రెండవది, చికిత్స. యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో లేపి, ఒక డైరెక్టరీలోకి పోయి, ఫలానా అంకెతో మొదలయ్యే ఫైలును తొలగించాలి. పని ఇంతే. కాని లేవని యంత్రానికి దూరం నుండి చేయగలిగినది స్వల్పం. చాలా చోట్ల యంత్రం ముందుకు మనిషి స్వయంగా వెళ్లవలసి వచ్చింది. డిస్కుకు తాళం వేసి ఉన్నచోట 48 అంకెల తాళపు సంఖ్య కూడా కావలసి వచ్చింది. ఆ వారం విలువ పెరిగినవారు అప్లికేషన్లు గొప్పగా రాయగలవారు కారు. నల్లని తెర ముందు బెదరక, ఏ ఫైలు ఎక్కడ ఉంటుందో తెలిసి, తీసి, లేపగలిగినవారు.

ఇక మన ప్రయోగశాల సంగతి. సెట్టింగులు ముట్టరాదు అన్నది మన వద్దనే కాదు, మేము చూసిన ప్రతి కళాశాలలోనూ ఉన్న నియమమే. దీనిని మేము దురుద్దేశంగా భావించడం లేదు. పరీక్షల ముందు యంత్రాలు మొరాయిస్తే జవాబు చెప్పవలసినవారు ప్రయోగశాల బాధ్యులు. పెద్ద తరగతికి కొద్ది యంత్రాలే ఉన్నచోట ఒకటి పడుకొన్నా ఇబ్బందే. బ్యాంకులలో, ఆసుపత్రులలో యంత్రాల తొలి ఆజ్ఞలకు తాళం వేసి ఉంచడం దొంగల భయం చేత, అది న్యాయమే. కాని విద్యాలయం బ్యాంకు కాదు. వైద్య కళాశాలలో మనిషి శరీరాన్ని కోసి చూపే గది ఒకటి ఉంటుంది. ఆ గది లేకుండా వైద్యుని తయారుచేయగలమని ఎవరూ అనరు.

క్లౌడ్ యుగంలో ఈ ఫైళ్లను తెరిచేదెవరు అని కొందరు మిత్రులు ప్రశ్నిస్తారు. క్లౌడ్ అనేది ఆకాశంలో ఉన్నది కాదు. అది మరొకరి భవనంలో ఉన్న యంత్రం. అందులో లినక్స్ నడుస్తున్నచోట ఇటిసి ఉన్నది, ఎఫ్‌ఎస్‌టాబ్ ఉన్నది. మీ చొక్కా జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను కూడా లేవగానే ఇనిట్ అనే ప్రోగ్రామునే నడిపి, ఆర్‌సి అన్న తోకతో ఉన్న ఫైళ్లనే చదువుతుంది. 1960ల నాటి ఆ రెండక్షరాలు ఇంతదూరం వచ్చాయి. తేడా ఒక్కటే: ఆ ఫోనులో వాటిని దిద్దే అధికారం సాధారణంగా దానిని కొన్నవారికి ఉండదు. ఈ అధికారం ఎవరికి ఉండవలెనన్న చర్చకు విద్యార్థి సంఘంలో ఒక సాయంకాలం కేటాయించదగును.

భాష సంగతి కూడా ఒక మాట. లోకేల్.కాన్ఫ్ అనే ఒక్క పంక్తి ఫైలులో యంత్రం ఏ భాషలో పలకాలో రాయవచ్చు. భారతదేశపు తెలుగుకు ఒక సంకేతం, భారతదేశపు ఉర్దూకు ఒక సంకేతం అందులో ఉన్నవి. అది మార్చి లేపితే బొమ్మల తెర మీద అనువాదమైనంత మేరకు సందేశాలు మన భాషలో వస్తాయి. కాని కాగితాలు దిద్దవలసివచ్చే ఆ నల్లని తెర మీద మాత్రం రావు. లినక్స్ కెర్నెల్ సొంత తెరకు అక్షరరూపాలు 512కు మించి ఉండరాదు. తెలుగు వత్తులను, గుణింతాలను కూర్చే శక్తి దానికి లేదు. ఉర్దూను కుడి నుండి ఎడమకు నడిపించి కలిపి రాసే శక్తీ లేదు. కష్టకాలంలో యంత్రం మనతో మన భాషలో మాట్లాడదన్నమాట. అయినా ఒక చోటు మనకు మిగిలే ఉన్నది. ఈ ఫైళ్లలో చాలావాటిలో హాష్ గుర్తుతో మొదలయ్యే పంక్తిని యంత్రం చదవదు. అది మనుషుల కోసం. ఆ పంక్తి తెలుగులో రాయవచ్చు, ఉర్దూలో రాయవచ్చు. వేరొక యంత్రం నుండి నెట్‌వర్కు ద్వారా తెరచి చూస్తే చక్కగా కనబడుతుంది. ఈ విలువ ఎందుకు మార్చాము, ఏ తేదీన మార్చాము, మునుపు ఏమి ఉండేది అని తరువాత వచ్చేవారికి చెప్పే చోటు అది. ఆజ్ఞల పదాలను అనువదించబూనడం వృథా శ్రమ. వ్యాఖ్యను మన భాషలో రాయడం మాత్రం వృథా కాదు.

కార్యవర్గం వారికి మా మనవి పెద్దది కాదు. ప్రయోగశాలలో పక్కన పెట్టిన పాత యంత్రాలలో పనిచేసేవి రెండు చాలు. వాటిని కళాశాల నెట్‌వర్కు నుండి వేరుచేసి, వాటిలో ఉచితంగా లభించే డెబియన్ గాని, దాని ఆధారంగా సి-డాక్ రూపొందించిన బాస్ గాని వేయవచ్చు. ఒక యంత్రం లోపల మరొక యంత్రాన్ని నడిపే వర్చువల్ పద్ధతితో సరిపెట్టవచ్చునని అధ్యాపకులు కొందరు సూచించారు. అభ్యాసానికి అది మంచిదే. కాని పాడైన కిటికీని మూసివేసి మరొకటి తెరవడానికీ, లేవనని మొండికేసిన నిజమైన యంత్రం ముందు కూర్చోవడానికీ తేడా ఉన్నది. ఆ రెండు యంత్రాల మీద ఏ ఫైలునైనా ముట్టవచ్చు. నియమం రెండే: దిద్దే ముందు నకలు తీయాలి, దిద్దిన సంగతి పక్కన ఉంచిన నోటు పుస్తకంలో రాయాలి. ప్రాయోగిక పరీక్షలో ఒక్క ప్రశ్న ఈ విధంగా ఉండవచ్చు: అధ్యాపకులు ఒక పంక్తి చెడగొట్టి ఇస్తారు, విద్యార్థి లేపి చూపాలి. మార్కులు వేయడం కూడా సులభం. యంత్రం లేచినదా లేదా అన్నది అందరికీ కనబడుతుంది.

మొదటి పాఠానికి హోస్ట్‌నేమ్ అనే ఫైలు తగినదని మా సూచన. అందులో సాధారణంగా ఉండేది ఒకే ఒక పదం, ఆ యంత్రం పేరు. దానిని మార్చి, యంత్రాన్ని పడుకోబెట్టి లేపితే కొత్త పేరుతో పలుకుతుంది. హోస్ట్స్ అనే ఇంకొక ఫైలులో పాత పేరు మిగిలిపోతే కొన్ని ప్రోగ్రాములు సణుగుతాయి. ఒక ఫైలుకు మరొక ఫైలుతో సంబంధం ఉంటుందన్నది అక్కడే తెలిసివస్తుంది. పేరు రోమన్ లిపిలోనే ఉండవలసి రావడం ఒక లోటు. ఆ రెండు యంత్రాలకు ఏ పేర్లు పెట్టాలన్నది మొదటి సంవత్సరపు తెలుగు, ఉర్దూ విద్యార్థులు కూర్చొని తేల్చుకోవాలి.